బండను తొలిచింది ఎవరి కోసం?



లోకంలో చూడదగిన వింతలు అనగానే మనకు ఎత్తైన గోపురాలు, పెద్ద పెద్ద కోటలు, రాజభవనాలు గుర్తుకు వస్తాయి. మనిషి రాయి మీద రాయి పేర్చి కట్టినవే వింతలని మన అభిప్రాయం. అయితే ఈ సంచికలో మనం చూడబోయే నాలుగు స్థలాలు అలా కట్టినవి కావు, తొలిచినవి. కొండ ముందే ఉంది. మనిషి వచ్చి, అందులో అక్కర లేని రాతిని తీసివేశాడు. తీసివేయగా మిగిలిన ఖాళీయే అక్కడి వింత.

విజయవాడ దగ్గర ఉండవల్లి గుహలు చూసినవారికి ఈ పని కొంత తెలుస్తుంది. కట్టడంలో ఒక రాయి వంకరగా కూర్చుంటే దాన్ని తీసి మరొకటి పెట్టవచ్చు. తొలిచే పనిలో ఆ అవకాశం లేదు. ఒకసారి ఉలి దెబ్బకు పోయిన రాయి తిరిగి రాదు. కాబట్టి ఇంత కష్టమైన పనికి పూనుకున్నారంటే దాని వెనుక బలమైన కారణం ఉండి తీరాలి. ఈ నాలుగు చోట్లకూ మనం ఒకే ప్రశ్నతో వెళ్దాం. ఈ బండను ఎవరి కోసం తొలిచారు?

1. యెరూషలేము: నీళ్ల కోసం

మన సంఘాల నుండి పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లేవారు ఒలీవల కొండ, గెత్సేమనే తోట, బేత్లెహేము తప్పకుండా చూసి వస్తారు. కాని పాత దావీదు పురం ఉన్న కొండ కింద ఒక సొరంగం ఉంది. తీరిక లేదని చాలామంది దానిని వదిలివేస్తారు. అది బస్సు దిగి ఫొటో తీసుకుని వచ్చే స్థలం కాదు. లోపలికి దిగి, చీకటిలో, నీళ్లలో నడవాలి.

ఆ రోజుల పరిస్థితిని గమనించండి. అది క్రీ.పూ. 8వ శతాబ్దం చివరి భాగం. అష్షూరు సామ్రాజ్యం ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యాన్ని అప్పటికే మింగివేసింది. తరువాతి వంతు యూదాది. యెరూషలేములో హిజ్కియా రాజుగా ఉన్నాడు. ఆ పట్టణానికి ఆధారమైన ఊట ఒక్కటే, గిహోను. అది కొండ అడుగున, కిద్రోను లోయ అంచున ఉంది. ముట్టడి వేసే సైన్యం ముందుగా పట్టుకునేది నీళ్లనే. ఎంత గట్టి ప్రాకారమైనా, లోపలి పిల్లలు దాహంతో ఏడుస్తుంటే ఎన్ని రోజులు నిలుస్తుంది?

అందుకే ఆ ఊట నీటిని కొండ లోపలి నుండి అవతలి పక్కకు, సిలోయము కోనేటి వైపుకు మళ్లించారు. రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయంలోను, రెండవ దినవృత్తాంతముల గ్రంథం 32వ అధ్యాయంలోను ఈ పని ప్రస్తావన ఉంది. ఆ సొరంగం పొడవు సుమారు 533 మీటర్లు. తిన్నగా కొలిస్తే ఆ రెండు చివరల మధ్య దూరం సుమారు 320 మీటర్లే. సొరంగం మాత్రం పాములా మెలికలు తిరిగి వెళ్తుంది. మొదటి నుండి చివరి వరకు దాని వాలు దాదాపు 30 సెంటీమీటర్లు మాత్రమే, అంటే ఒక అడుగు. నీళ్లు వెనక్కి రాకుండా, మధ్యలో నిలిచిపోకుండా ఈనాటికీ పారుతున్నాయి.

ఇందులో మరింత ఆశ్చర్యమైన సంగతి ఉంది. పనివారు రెండు గుంపులుగా విడిపోయి, రెండు చివరల నుండి ఒకరికొకరు ఎదురుగా తొలుచుకుంటూ వచ్చారు. దిక్సూచి లేదు, కొలత యంత్రం లేదు. నూనె దీపం వెలుగులో ఎదురుగా రాయి తప్ప వేరేమీ కనిపించని చోట వాళ్లు ఎలా కలుసుకున్నారు? కొండలో సహజంగా ఉన్న పగులును అనుసరించారని కొందరు పండితులు, పైనుండి కొట్టే శబ్దాన్ని బట్టి దారి దిద్దుకున్నారని కొందరు చెప్తారు. రెండు గుంపులు కలిసిన చోటు దగ్గర దారి తప్పి తొలిచి, వదిలేసిన గుర్తులు ఇప్పటికీ గోడలలో కనిపిస్తాయి. పలుగు దెబ్బలు అక్కడి వరకు ఒక దిక్కుకు, అక్కడి నుండి దానికి ఎదురు దిక్కుకు తిరిగి ఉంటాయి.

1880లో ఆ సొరంగంలో, సిలోయము వైపు చివరలో, గోడ మీద చెక్కిన ఆరు పంక్తుల హెబ్రీ రాత ఒక బాలుని కంటబడింది. ఇంకా మూడు మూరల రాయి అడ్డుగా ఉండగానే అవతలివారి కేక ఇవతలివారికి వినబడిందని, చివరకు పలుగుకు పలుగు ఎదురైందని, నీళ్లు 1200 మూరల దూరం పారాయని ఆ రాత సారాంశం. ఆ కాలంలో శాసనం అంటే రాజు పేరు, రాజు బిరుదులు, రాజు విజయాలు ఉంటాయి. ఈ రాతలో రాజు పేరే లేదు. చీకటిలో చేయి కదిపిన పనివారి సంతోషమే ఉంది. ఆ రాతిని తరువాత గోడ నుండి పెకలించారు. అప్పటి పాలకులు తురుష్కులు కాబట్టి అది ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలకు చేరింది, నేటికీ అక్కడే ఉంది. 2003లో శాస్త్రజ్ఞులు సొరంగం గిలాబులో చిక్కుకున్న మొక్కల భాగాలను, దానిపై పేరుకున్న సున్నపు పొరలను పరీక్షించి, ఆ పని క్రీ.పూ. 700 ప్రాంతానిదని తేల్చారు.

క్రీ.పూ. 701లో సన్హెరీబు రానే వచ్చాడు. యూదాలో ప్రాకారాలు గల 46 పట్టణాలను పట్టుకున్నానని తన మట్టి శాసనాలలో రాయించుకున్నాడు. యెరూషలేమును ముట్టడించానని, కప్పం తీసుకున్నానని కూడా రాయించుకున్నాడు. పట్టణాన్ని పట్టుకున్నానని మాత్రం రాయించలేకపోయాడు.

ఆ నీళ్లు చేరే సిలోయము కోనేరు యోహాను సువార్త 9వ అధ్యాయం చదివినవారికి కొత్త కాదు. పుట్టు గ్రుడ్డివాడు కళ్లు కడుగుకొని చూపు పొందింది అక్కడే. 2004లో మురుగునీటి గొట్టం మరమ్మతు కోసం తవ్వుతుంటే యేసు ప్రభువు కాలానికి చెందిన కోనేటి మెట్లు బయటపడ్డాయి. ముట్టడి రోజులలో పట్టణానికి ప్రాణం పోసిన నీళ్లే ఏడు వందల ఏళ్ల తరువాత ఒక భిక్షగాని కళ్లు కడిగాయి. ఎవరి కోసం తొలిచారు? దప్పిగొన్నవారి కోసం.

2. పెట్రా: పేరు నిలవడం కోసం

యెరూషలేము నుండి దక్షిణంగా, మృత సముద్రం దాటి, యొర్దాను దేశంలోని కొండలలోకి వెళ్తే పెట్రా వస్తుంది. అది పూర్వం ఎదోమీయుల ప్రాంతం. బండ సందులలో నివసిస్తూ తమను ఎవరూ దించలేరని అతిశయపడిన ఎదోమును గూర్చి ఓబద్యా ప్రవచించాడు. ఆ కొండలను కళ్లారా చూస్తే ప్రవక్త మాటలోని బలం అర్థమవుతుంది. అయితే మనకు ఇప్పుడు కనిపించే చెక్కడాలు ఎదోమీయులవి కావు. వారి తరువాత వచ్చిన నబతీయులు అనే అరబ్బు వర్తకులవి. సాంబ్రాణి, బోళము, సుగంధ ద్రవ్యాల ఒంటె బిడారులు ఆ దారినే నడిచేవి. ఆ వర్తకం మీద నబతీయులు గొప్ప ధనవంతులయ్యారు.

పట్టణంలోకి దారి ఒక సన్నని కొండ చీలిక. దాదాపు 1.2 కిలోమీటర్ల పొడవున, రెండు పక్కల నిట్టనిలువు ఎర్రని గోడల మధ్య నడవాలి. ఆ సందు ముగిసిన చోట ఒక్కసారిగా సుమారు 40 మీటర్ల ఎత్తైన ముఖద్వారం కనబడుతుంది. స్తంభాలు, విగ్రహాలు, శిఖరం అన్నీ ఒకే కొండలో చెక్కినవే. పనివారు పై నుండి మొదలుపెట్టి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. దానికి ఖజానా అని పేరు. శిఖరం మీది రాతి కలశంలో బంగారం ఉందని నమ్మి దానికి తుపాకులతో గురిపెట్టిన గుర్తులు ఇంకా ఉన్నాయి. కాని అది గట్టి రాయి, లోపల ఏమీ లేదు. ద్వారం దాటి వెళ్తే ఖాళీ గది. అది ఖజానా కాదు, సమాధికి సంబంధించినదని పండితుల అభిప్రాయం. 2024లో దాని కింద జరిగిన తవ్వకంలో 12 అస్థిపంజరాలు గల సమాధి బయటపడింది. దీనిని నాలుగవ అరెత రాజు కాలానిదిగా చాలామంది భావిస్తారు. ఈ అరెత పేరు మీకు తెలిసిందే. దమస్కులో అతని అధిపతి పట్టుకోజూస్తే, పౌలు గంపలో కూర్చుని గోడ మీద నుండి దిగి తప్పించుకున్నట్టు రెండవ కొరింథీ పత్రిక 11వ అధ్యాయం చెప్తుంది.

పెట్రాలో సమాధుల కంటే గొప్ప పని మరొకటి ఉంది, కాని చాలామంది దానివైపు చూడరు. ఆ సందులో నడిచేటప్పుడు మీ పక్క గోడను చూడండి. నీళ్ల కోసం తొలిచిన కాలువ వెంట వస్తుంటుంది. ఏడాదిలో కొద్ది రోజులే వాన పడే ఆ ఎడారిలో ఆనకట్టలు, తొట్లు, కాలువలతో నీటిని దాచుకుని వేలమంది బ్రతికారు. వాన పడినప్పుడు వచ్చే వరద సందులోకి రాకుండా దారి మళ్లించారు. ఆ పాత ఏర్పాట్లు పాడైపోయిన తరువాత, 1963లో ఆకస్మిక వరద వచ్చి ఆ సందులో 20 మందికి పైగా ఫ్రాన్సు దేశపు యాత్రికులు చనిపోయారు. ఆ తరువాత అక్కడ మళ్లీ ఆనకట్ట కట్టారు.

క్రీ.శ. 106లో రోమీయులు ఆ రాజ్యాన్ని కలుపుకున్నారు. వర్తకం వేరే దారులకు మళ్లింది. 363లో భూకంపం వచ్చింది. కొంతకాలం అక్కడ క్రైస్తవ సంఘం ఉండేది. ఒక దేవాలయపు శిథిలాలలో 1993లో కాలి నల్లబడిన పత్రాల చుట్టలు దొరికాయి. ఆస్తి పంపకాలు, పెళ్లి ఒప్పందాలు వాటిలో ఉన్నాయి. తరువాత పట్టణం నిర్మానుష్యమైంది. 1812లో బర్క్‌హార్ట్ అనే స్విట్జర్లాండ్ దేశస్థుడు, అహరోను సమాధి దగ్గర మేకను బలి ఇవ్వాలనే మిషతో మారువేషంలో వెళ్లేంత వరకు పశ్చిమ దేశాలవారు దాన్ని మరచిపోయారు. ఎవరి కోసం తొలిచారు? కాలువలు బ్రతికినవారి కోసం, ముఖద్వారాలు చనిపోయిన గొప్పవారి పేరు కోసం. పేరు కోసం చెక్కినవాటిలో ఎక్కువ వాటి మీద ఈరోజు ఎవరి పేరూ లేదు.

3. కప్పదొకియ: ప్రాణాల కోసం

పెట్రాలో తొలిచినది అందరికీ కనబడాలని. ఇప్పుడు ఎవరికీ కనబడకూడదని తొలిచిన చోటికి వెళ్దాం. అది నేటి టర్కీ దేశపు మధ్య భాగం. పెంతెకొస్తు దినాన యెరూషలేములో ఉన్నవారి జాబితాలో కప్పదొకియ పేరు ఉంది. పేతురు మొదటి పత్రిక అందుకున్నవారిలో ఆ ప్రాంతపు విశ్వాసులు ఉన్నారు. సంఘ చరిత్రలో పేరుపొందిన బాసిలు, ఆయన తమ్ముడైన నిస్సా గ్రెగోరి, ఆయన స్నేహితుడైన నజియంజు గ్రెగోరి, 4వ శతాబ్దంలో ఆ నేల మీదే సేవ చేశారు.

పూర్వం అక్కడి అగ్నిపర్వతాలు వెదజల్లిన బూడిద పొరలు పొరలుగా పేరుకుని మెత్తని రాయి అయింది. తొలిచేటప్పుడు సులువుగా తెగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. వానకు, గాలికి ఆ రాయి అరిగి పుట్టగొడుగుల ఆకారంలో, శంకువుల ఆకారంలో నిలబడి ఉంటుంది. గొరెమె లోయలో అలాంటి రాళ్ల లోపల దేవాలయాలు ఉన్నాయి. వాటిలో ఒకదానికి చీకటి దేవాలయం అని పేరు. చిన్న కిటికీ నుండి కొద్ది వెలుగే లోపలికి వస్తుంది. ఆ చీకటి వల్లనే 11వ శతాబ్దపు రంగుల చిత్రాలు నేటికీ వెలిసిపోకుండా ఉన్నాయి.

అక్కడికి దక్షిణంగా దెరింకుయు అనే ఊరు ఉంది. 1963లో ఒకాయన తన ఇంటిని బాగుచేసుకుంటూ గోడ పడగొడితే, దాని వెనుక ఒక దారి కనబడింది. వెతుక్కుంటూ పోతే కింద ఒక పట్టణమే బయటపడింది. దాని లోతు సుమారు 85 మీటర్లు. కొన్ని అంతస్తులను మాత్రమే ఇప్పుడు చూడనిస్తారు. పైన పశువుల కొట్టాలు, కింద వంటశాలలు, ధాన్యం గదులు, ద్రాక్షగానుగ, అన్నిటికంటె అడుగున సిలువ ఆకారంలో ఒక ప్రార్థన స్థలం. గాలి రావడానికి పై నుండి అడుగు వరకు లోతైన గొట్టపు బావులు. దాదాపు 20 వేల మంది తలదాచుకోవచ్చని అంచనా వేశారు.

అక్కడి తలుపులను గమనించండి. అవి తిరగలి రాయిలాంటి గుండ్రని బండలు. కొన్ని వందల కిలోల బరువు. లోపలి నుండి మాత్రమే దొర్లించి మూయవచ్చు, బయటివాడు కదపలేడు. దారులు ఎంత ఇరుకంటే శత్రువు ఎంతమందితో వచ్చినా ఒక్కొక్కడుగా, వంగి రావాలి.

ఈ నేల కింది గదులలో కొన్ని క్రీస్తు కంటే ముందటివని పండితుల అభిప్రాయం. బైజాంటియం వారికి, అరబ్బులకు యుద్ధాలు జరిగిన శతాబ్దాలలో అక్కడి క్రైస్తవులు వాటిని పెద్దవి చేసుకున్నారు. దండు వస్తోందని తెలియగానే ఊరంతా పశువులతో సహా కిందికి దిగేవారు. అది పాత కాలపు మాట మాత్రమే కాదు. 1909లో అదానాలో క్రైస్తవులను చంపుతున్నారన్న వార్త వచ్చినప్పుడు కూడా ఆ ప్రాంతపు ప్రజలు రాత్రులు నేల కింద గడిపారని డాకిన్స్ అనే ఆంగ్ల భాషా పండితుడు రాశాడు.

అన్ని దండయాత్రలను తట్టుకున్న ఆ సంఘం చివరికి ఒక కాగితంతో ఖాళీ అయింది. 1923లో గ్రీసు, టర్కీ దేశాలు జనాభా మార్పిడికి ఒప్పుకున్నాయి. టర్కీలోని ఆర్థడాక్సు క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లిములు టర్కీకి వెళ్లిపోవాలి. భాషను చూడలేదు, మతాన్ని చూశారు. ఇంట్లో టర్కీ భాషే మాట్లాడే క్రైస్తవులు కూడా తమకు తెలియని గ్రీసుకు మూటలు కట్టుకున్నారు. అవతల పక్క ముస్లిం కుటుంబాలు కూడా అదే విధంగా కన్నీళ్లతో ఇళ్లు వదిలాయి. దెరింకుయు చూసేటప్పుడు ఆ గదుల చల్లదనం, ఆ తెలివి చూసి ఆశ్చర్యపడతాం, మంచిదే. కాని ఇక్కడ ప్రార్థించినవారి మునిమనవలు ఈ ఊళ్లో లేరన్న సంగతి కూడా మనం తలంచాలి.

4. లాలిబెల: ఆరాధన కోసం

చివరి స్థలం ఆఫ్రికాలో, ఇతియోపియా ఉత్తరపు కొండలలో ఉంది. సముద్ర మట్టానికి సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉన్న లాలిబెల అనే పట్టణం. 4వ శతాబ్దంలో ఎజానా రాజు క్రీస్తును అంగీకరించిన నాటి నుండి అక్కడ సంఘం తెగిపోకుండా సాగుతోంది.

అక్కడ 11 దేవాలయాలు ఉన్నాయి. ముందు బండ చుట్టూ లోతైన కందకం తవ్వారు. మధ్యలో మిగిలిన రాతి దిమ్మెను పై నుండి చెక్కుతూ కిటికీలు, ద్వారాలు తీశారు. తరువాత లోపలికి దూరి స్తంభాలు, కమానులు మిగిల్చి, మిగతా రాతిని తీసివేశారు. పునాది లేదు, అతుకు లేదు. ఎల్లోరా కైలాస దేవాలయాన్ని చూసినవారికి ఈ పద్ధతి తెలుసు. పరిశుద్ధ గెయోర్గీసు పేరున ఉన్నది సిలువ ఆకారంలో ఉంటుంది. దూరం నుండి వస్తే అది కనబడదు. దగ్గరకు వచ్చి గుంట అంచున నిలబడితే, కాళ్ల కింద, సుమారు 12 మీటర్ల లోతున ఉంటుంది. మనం సాధారణంగా దేవాలయాన్ని తల ఎత్తి చూస్తాం. అక్కడ మాత్రం తల వంచి చూడాలి, కిందికి దిగి లోపలికి వెళ్లాలి.

ఈ పనిని 12వ శతాబ్దం చివర, 13వ శతాబ్దం ఆరంభంలో పాలించిన లాలిబెల రాజు చేయించాడని అక్కడివారు చెప్తారు. అంతా ఒకే రాజు కాలంలో జరగలేదని కొందరు పరిశోధకుల వాదన. అక్కడి వాగు పేరు యొర్దాను. దేవాలయాలలో ఒకటి గొల్గొతా, ఒకటి బేత్లెహేము. 1187లో యెరూషలేము సలాదీను చేతికి చిక్కింది. అంత దూరం వెళ్లలేని పేదలు తమ కొండలలోనే యెరూషలేమును తలచుకోవాలని ఈ పేర్లు పెట్టారని అక్కడి సంప్రదాయం.

మిగతా మూడు స్థలాలకు, దీనికి ఒక పెద్ద తేడా ఉంది. ఇది ప్రదర్శనశాల కాదు. ఈ రోజు కూడా అక్కడ ఆరాధన జరుగుతోంది. జనవరి 7న వచ్చే వారి క్రిస్మసుకు తెల్లని బట్టలు ధరించిన యాత్రికులు వేలాదిగా, కొందరు రోజుల తరబడి కాలినడకన వస్తారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తారు.

అయితే ఆ రాయి కూడా మెల్లగా అరిగిపోతోంది. వాన నీటికి పగుళ్లు వస్తుంటే, 2008లో కొన్ని దేవాలయాల మీద పెద్ద కప్పులు వేశారు. ఆ కప్పుల బరువు గురించి అక్కడివారికి మళ్లీ ఆందోళన. 2021లో అంతర్యుద్ధం ఆ పట్టణానికి వచ్చింది. 2023 నవంబరులో మళ్లీ అక్కడ పోరు జరిగింది. యాత్రికుల మీద ఆధారపడి బ్రతికే కుటుంబాలు ఎంతో నష్టపోయాయి. ఎనిమిది వందల ఏళ్లుగా పాడుతున్న సంఘం, తుపాకుల చప్పుడు మధ్య కూడా పాడుతోంది.

వెళ్లేవారికి కొన్ని మాటలు

ప్రియులారా, ఈ స్థలాలలో దేనికైనా వెళ్లే అవకాశం మీకు దొరికితే ముందుగా అక్కడి పరిస్థితులను, మన విదేశాంగ శాఖ సూచనలను తప్పక తెలుసుకోండి. ఇశ్రాయేలు ప్రాంతానికి, ఉత్తర ఇతియోపియాకు ఇది మరీ అవసరం.

హిజ్కియా సొరంగానికి టార్చిలైటు, తడిసినా ఫరవాలేని చెప్పులు కావాలి. కొంత దూరం నీళ్లు తొడల వరకు వస్తాయి. ఇరుకు చోట్ల ఊపిరాడనట్టు అనిపించేవారు, మోకాళ్ల నొప్పులు గలవారు పక్కనే ఉన్న నీళ్లు లేని పాత మార్గంలో వెళ్లవచ్చు. దెరింకుయులో కూడా నడుము వంచి మెట్లు దిగాలి. గుండె జబ్బు ఉన్నవారు ఆలోచించుకోవాలి. పెట్రాలో మబ్బు పట్టిన రోజున సందులో ఉండవద్దని చెప్తే వెంటనే వినండి. చీకటి దేవాలయంలో చిత్రాలను తాకవద్దు. లాలిబెలలో ఆరాధన జరుగుతుంటే కెమెరా పక్కన పెట్టి, మౌనంగా నిలబడండి. వారి ఆచారం మన ఆచారం వంటిది కాకపోవచ్చు, అయినా వారు మనకంటే ఎన్నో శతాబ్దాల ముందు నుండి ఆ నామాన్నే స్మరిస్తున్నారు.

ముగింపు

అంత దూరం వెళ్లే శక్తి మనలో చాలామందికి లేదు. ఫరవాలేదు. మన ప్రశ్నకు జవాబు మన నేల మీద కూడా ఉంది. మెదక్ కెథడ్రల్ తొలిచినది కాదు, కట్టినది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. దాని ఎత్తు, రంగుటద్దాల కిటికీలు చూడడానికి జనం వస్తారు. కాని మెదక్ పెద్దలు మొదట చెప్పే మాట కిటికీల గురించి కాదు. కరువు రోజులలో ఆకలితో ఉన్నవారికి ఆ కట్టడం పని ఇచ్చింది, ఆ పని అన్నం పెట్టింది అని చెప్తారు.

ఈ రోజుల్లో మన సంఘాలు కూడా మందిరాలు కడుతున్నాయి. చందాలు వేస్తున్నాం, శిలాఫలకాల మీద పేర్లు చెక్కిస్తున్నాం. మంచిదే. అయితే కమిటీ కూర్చున్నప్పుడు ఎంత ఎత్తు, ఎంత ఖర్చు అని అడిగే ముందు ఒక్క మాట అడగండి: ఇది ఎవరి కోసం? దప్పిగొన్నవారికి ఇందులో నీళ్లున్నాయా? భయపడి పరుగెత్తి వచ్చినవారికి ఇందులో చోటుందా? దూరం వెళ్లలేని పేదవాడు ఇక్కడ తల వంచి ప్రార్థించగలడా? లేక ఇది మన పేర్లు మోయడానికేనా?

సిలోయము సొరంగం తొలిచినవారిలో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు. వాళ్లు తెచ్చిన నీళ్లు మాత్రం ఇంకా పారుతున్నాయి. మన చేతి పని కూడా అటువంటిదై ఉండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.